రోడ్డు మీద ఆగిన కారు ఎవరి వంతు?

మే నెలలో ఒక రాత్రి పదిన్నరకి మా బావమరిది ఫోన్ చేశాడు. హ్యూస్టన్‌కి పడమర వైపు, గ్రాండ్ పార్క్‌వే మీద ఉన్నాడు. జోరు వాన. ముందు వెళ్తున్న పికప్ ఉన్నట్టుండి ఆగింది, వీడు ఆపుకోలేకపోయాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ కారు ముందు భాగం నుజ్జునుజ్జయింది.

"బావా, టో ట్రక్కు వచ్చేసింది. సంతకం పెట్టమంటున్నాడు."

"నువ్వు పిలిచావా?"

"లేదు. వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఒకటి కాదు, రెండు వచ్చాయి."

"పోలీసులు వచ్చారా?"

"ఇంకా రాలేదు."

"అయితే ఆగు, పెట్టకు" అనేలోపే "పెట్టేశాను బావా" అన్నాడు.

నేను వెళ్ళేసరికి కారు లేదు, ట్రక్కు లాక్కెళ్ళిపోయింది. వీడు రోడ్డు వారన తడుస్తూ నిలబడి ఉన్నాడు. చేతిలో పసుపు రంగు కార్బన్ కాపీ, వానకి సగం అక్షరాలు అలుక్కుపోయి ఉంది. పైన లాక్కెళ్ళిన కార్లు ఉంచే యార్డు చిరునామా, అడుగున వీడి సంతకం, మధ్యలో ధర రాయాల్సిన గడి ఖాళీ. అది శుక్రవారం రాత్రి. ఇన్సూరెన్స్ మనిషికి కారు చూడటానికి మంగళవారం గానీ కుదరలేదు. ఆ మంగళవారం యార్డులో చేతికిచ్చిన బిల్లులో టోయింగ్‌కి ఒక వరస, మైళ్ళకి ఒకటి, చక్రాల కింద పెట్టిన డాలీ అనే చిన్న బండికి ఒకటి, రోడ్డు మీద గాజు పెంకులు ఊడ్చినందుకు ఒకటి, యార్డు గేటు తీసినందుకు ఒకటి, ఆపైన రోజుల లెక్కన అద్దె. ఖాళీ గడి అలా నిండింది.

ఆ బిల్లు పట్టుకుని చాలా రోజులు చట్టాలు చదివాను. ఆగిపోయిన కారు దగ్గరికి ఏ ట్రక్కు రావాలనేది చిన్న విషయమని అనుకునేవాణ్ణి. అమెరికాలో అది ఒకటికి మించి సార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. దాని కోసం లంచాలు నడిచాయి, జైలుశిక్షలు పడ్డాయి. ఎందుకింత గొడవ, మన జిల్లాల్లాంటి కౌంటీలకి ఇందులో పని ఏమిటి, నియమాలు ఎక్కడ గట్టిగా ఉన్నాయి, ఎక్కడ చిల్లు పడింది అన్నది నాకు అర్థమైనంతలో చెప్తాను. ఇక్కడ కారు నడిపే మనవాళ్ళలో ఏదో ఒక రోజు ఈ అవసరం పడని ఇల్లు ఉండదు.

పిలిచేది ఒకరు, కట్టేది ఇంకొకరు

మామూలు వ్యాపారంలో ధర నచ్చకపోతే పక్క కొట్టుకి పోతాం. ఆ భయంతోనే కొట్టువాడు ధర అదుపులో పెట్టుకుంటాడు. ప్రమాదం జరిగిన చోట ఆ భయం పనిచేయదు. ట్రక్కుని పిలిచేది పోలీసు అధికారి, పని చేసేది కంపెనీ, డబ్బు కట్టేది మనం. పిలిచేవాళ్ళ జేబులోంచి పైసా పోదు కాబట్టి వాళ్ళకి ధర పట్టదు. మనకి ధర పడుతుంది, కానీ ఎంచుకునే వీలు ఉండదు. కారు అప్పటికే వాళ్ళ కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది.

అందుకే అమెరికా చట్టాలు టోయింగ్‌ని రెండు రకాలుగా విడదీస్తాయి. మనం ఫోన్ చేసి పిలుచుకుంటే అది సమ్మతితో జరిగిన టోయింగ్. పోలీసులో, పార్కింగ్ స్థలం యజమానో పిలిస్తే అది సమ్మతి లేని టోయింగ్. మొదటి రకంలో ధర మనకీ కంపెనీకీ మధ్య బేరం, ప్రభుత్వం సాధారణంగా తలదూర్చదు. రెండో రకంలో మనకి బేరమాడే అవకాశం లేదు గనక ప్రభుత్వం ధరకి పైహద్దు పెడుతుంది. టెక్సస్‌లో ఈ వ్యవహారాలు ముఖ్యంగా వృత్తుల చట్టంలోని 2308వ అధ్యాయం కిందికి వస్తాయి. దాని ప్రకారం పోలీసులు పిలిపించిన టోయింగ్‌కి ఎంత తీసుకోవాలో నగరాలు, కౌంటీలు నిర్ణయించవచ్చు. ఆ రేటు గిట్టుబాటు కాకపోతే ఖర్చుల లెక్కలు తీసి చూడండని కంపెనీలు అడగవచ్చు కూడా.

మా బావమరిది సంతకం విలువ అప్పుడు తెలిసింది. పోలీసులు రాకముందే తీసుకున్న ఆ కాగితం చూపించి, "మమ్మల్ని యజమానే అడిగాడు" అని కంపెనీ వాదిస్తుంది. ఆ వాదన నిలిస్తే కౌంటీ పెట్టిన పైహద్దు ఆ బిల్లుకి వర్తించదు. ఒక్క సంతకంతో కారు ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారిపోవచ్చు. వానలో, చేతులు వణుకుతుండగా, ఆ టెన్షన్‌లో ఎవరు చదివి సంతకం పెడతారు?

చిరునామాలో ఊరు, నేల మాత్రం కౌంటీది

నగరం లోపల నగర పోలీసులు ఉంటారు, టోయింగ్ కాంట్రాక్టు నగరం చూసుకుంటుంది. నగర పరిమితులకి బయట ఉన్న నేలకి ప్రభుత్వం అంటే కౌంటీయే. అక్కడ వచ్చేది కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరిఫ్ కింద పనిచేసే డిప్యూటీ, లేదా కాన్‌స్టేబుల్ ఆఫీసు మనిషి. పెద్ద రహదారుల మీద రాష్ట్ర పోలీసులు కూడా రావచ్చు.

హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళకి ఇది తెలియాలి. కేటీ, రిచ్‌మండ్, సైప్రస్ అని ఉత్తరాల మీద రాసుకునే ఇళ్ళు చాలావరకు ఆ ఊళ్ళ పరిమితిలో లేవు. అసలు సైప్రస్ అనే నగరపాలక సంస్థే లేదు. అది పోస్టాఫీసు పేరు. అక్కడ ఉన్నది కౌంటీ నేల. కారు ఆగితే ఎవరు రావాలో, ఎంత తీసుకోవాలో నిర్ణయించేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది న్యాయస్థానం కాదు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసిన పాలకమండలి. మన ఓటుతో ఎన్నికైనవాళ్ళు. పదేళ్ళుగా ఇక్కడ ఓటు వేస్తున్న మా స్నేహితుల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే కనిపించారు.

చెరువు నీళ్ళ లెక్కే

కౌంటీలు ఎక్కువగా వాడే పద్ధతి వంతుల జాబితా. అర్హత ఉన్న కంపెనీల పేర్లు వరసగా రాసుకుంటారు. ప్రమాదం జరిగితే పై పేరుకి ఫోన్ వెళ్తుంది. వచ్చి పని చేసుకుపోయాక ఆ పేరు అడుగుకి దిగుతుంది, రెండో పేరు పైకి వస్తుంది. చెరువు కింద ఆయకట్టు ఉన్న ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్ళకి వంతు కట్టినట్టే ఇక్కడ కార్లకి వంతు కడతారు. నీరుగంటి నిక్కచ్చిగా ఉన్నంతకాలం చివరి మడికి కూడా నీరు అందుతుంది. నీరుగంటి ఒకవైపు మొగ్గితే వంతు కాగితం మీదే ఉంటుంది, నీళ్ళు మాత్రం వేరే పొలంలో పారతాయి.

ఇక్కడ తూము తాళం ఫోన్ చేసి ట్రక్కుల్ని పిలిచే షెరిఫ్ ఆఫీసు డిస్పాచ్ గదిలో ఉంటుంది. ఆ వంతు ఎలా ఒకవైపు మొగ్గుతుందో చెప్పాలంటే కాస్త లోపలికి వెళ్ళాలి.

అన్నిటికన్నా పాత ఎత్తు ఒకే యజమాని నాలుగు పేర్లతో నాలుగు కంపెనీలు పెట్టడం. జాబితాలో పది పేర్లు ఉంటే నాలుగు ఆయనవే. ట్రక్కులు అవే, డ్రైవర్లు వాళ్ళే, తలుపు మీద స్టిక్కరు మారుతుంది. వంతు నాలుగింతలు వస్తుంది. దీన్ని ఆపాలంటే పేరుకి ఒక వంతు కాకుండా యజమానికి ఒక వంతు అని రాయాలి. ప్రతి కంపెనీకి విడి యార్డు, విడి ట్రక్కులు, విడి ఇన్సూరెన్స్ చూపించమనాలి. చాలాచోట్ల నియమం "యజమానికి ఒక వంతు" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది.

రెండోది ఫోన్ దగ్గర జరుగుతుంది. డిస్పాచర్ ఒక్క రింగు ఇచ్చి, "ఎత్తలేదు" అని రాసుకుని తర్వాతి పేరుకి వెళ్ళిపోతే మొదటి కంపెనీ వంతు పోయినట్టే. ఆ కంపెనీకి తన వంతు వచ్చి పోయిందన్న సంగతి కూడా తెలియదు. రికార్డులో కాల్ ఎన్ని సెకన్లు మోగిందో ఉంటే తప్ప దీన్ని ఎవరూ నిరూపించలేరు.

మూడోది చూడటానికి మంచిదానిలా ఉంటుంది. బండి యజమాని ఫలానా కంపెనీ కావాలని అడిగితే పోలీసులు దాన్నే పిలుస్తారు. అది యజమాని హక్కు, ఉండాల్సిందే. కానీ ఆ హక్కు పేరు మీదే వంతుని పక్కకి నెట్టవచ్చు. "మీకు తెలిసిన కంపెనీ ఏదైనా ఉందా? లేదా? ఫలానావాళ్ళు మంచివాళ్ళు" అని ఒక మాట అంటే చాలు. అదిరిపోయి ఉన్న మనిషి తల ఊపుతాడు. రిపోర్టులో "యజమాని కోరిక మీద" అని పడుతుంది. జాబితా చెక్కుచెదరదు, పని మాత్రం జాబితా బయట జరిగిపోతుంది. అందరు అధికారులూ ఇలా చేస్తారని నేను అనను. ఆ రాత్రి ఆలస్యంగా వచ్చిన డిప్యూటీ మా బావమరిదిని తన కారులో కూర్చోబెట్టి, తువ్వాలు ఇచ్చి, గంటసేపు ఓపిగ్గా రిపోర్టు రాశాడు. కానీ ఒక మనిషి మంచితనం మీద ఆధారపడే నియమం ఆ మనిషి బదిలీ అయిన రోజున ఆగిపోతుంది.

ఇంకోటి వినేవాళ్ళకి చిన్నదిగా అనిపిస్తుంది గానీ కంపెనీలకి అదే ప్రాణం. వంతులన్నీ సమానం కావు. ఇన్సూరెన్స్ ఉన్న రెండేళ్ళ కారు ఒక వంతు, కాలి బూడిదై ఎవరూ విడిపించుకోని పాత వ్యాను కూడా ఒక వంతే. రెండో దాంట్లో కంపెనీకి డబ్బు రాదు. నెలల తరబడి యార్డులో పెట్టుకుని, చివరికి వేలం వేస్తే డీజిలు ఖర్చు కూడా తిరిగి రాకపోవచ్చు. ట్రక్కు వెళ్ళేసరికి పని రద్దయితే ఆ వంతు పోయినట్టా, నిలిచినట్టా? ఇవి ముందే కాగితం మీద రాయకపోతే ఎవరికి ఏ కారు వెళ్ళాలన్నది రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళ ఇష్టం అవుతుంది.

ఈ పని చేసేవాళ్ళ కష్టం నేను తక్కువ చేయను. అర్ధరాత్రి వంద కిలోమీటర్ల వేగంతో బళ్ళు దూసుకుపోతుంటే రోడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చుని గొలుసు తగిలించేవాళ్ళు వాళ్ళు. ఇరవైనాలుగు గంటలూ ఫోన్ దగ్గర ఒకరుండాలి, ట్రక్కు ఈఎమ్ఐ కట్టాలి. నిజాయితీగా నడిపే చిన్న కంపెనీకి వంతు సరిగ్గా రావడమే జీవనాధారం. జాబితా పాడైతే బిల్లు కట్టేవాళ్ళతో పాటు వాళ్ళూ మునిగిపోతారు.

టెక్సస్ ఏం రాసింది

టెక్సస్ శాసనసభకి ఒక అలవాటు ఉంది. కౌంటీ పేరు రాయకుండా, "ఇంత జనాభా దాటి, ఇంత జనాభా ఉన్న కౌంటీకి ఆనుకుని ఉన్న కౌంటీ" అని లెక్కతో రాస్తుంది. వంతుల జాబితా గురించిన సెక్షన్ 2308.209 అలాంటిదే. హారిస్ కౌంటీ జనాభా 2020 జనగణనలో 47 లక్షలు దాటింది, పక్కనే ఉన్న ఫోర్ట్ బెండ్‌ది 8 లక్షలు దాటింది. ఆ సెక్షన్ ఉద్దేశించింది ముఖ్యంగా ఫోర్ట్ బెండ్ లాగా హారిస్‌ని ఆనుకుని పెరిగిన పెద్ద కౌంటీల్లో నగరాల బయట ఉన్న నేలని. మనవాళ్ళు వేల సంఖ్యలో ఇళ్ళు కొనుక్కున్నది సరిగ్గా ఆ నేల మీదే.

ఆ సెక్షన్ షెరిఫ్ ఆఫీసు జాబితా పెట్టుకోవచ్చంటుంది. కమిషనర్స్ కోర్టు చేసే విధానాలు రెండిటికి హామీ ఇవ్వాలంటుంది: పని కంపెనీల మధ్య సమానంగా పంపిణీ కావాలి, బండి యజమానికి న్యాయమైన ధరతో సహా వినియోగదారుడి రక్షణ ఉండాలి. ఈ రెండూ ఒకే చోట ఉండటం నాకు చాలా నచ్చింది. చాలా ప్రాంతాల్లో నియమాలు కంపెనీల మధ్య తగవు తీర్చడానికే పుట్టాయి, బిల్లు కట్టేవాళ్ళు ఎవరికీ గుర్తులేరు.

జాబితా ఉన్నచోట షెరిఫ్ ఆఫీసు పిలవకుండా ప్రమాద స్థలానికి టోయింగ్ కోసం రావడం, రోడ్డు మీద టోయింగ్ పని అడుక్కోవడం నేరమని కూడా రాశారు. ఇది స్కానర్ రేడియోలో పోలీసు మాటలు విని పరుగెత్తుకొచ్చే ట్రక్కుల కోసం పెట్టింది. కానీ జరిమానా గరిష్ఠం 200 డాలర్లు. ఒక్క కారు యార్డుకి చేరితే వచ్చే బిల్లు ముందు ఆ జరిమానా ఒక ఖర్చు కింద రాసుకునేంతే. కాబట్టి అసలు శిక్ష జరిమానా కాదు, జాబితాలోంచి పేరు తీసేయడం. ఆ అధికారం ఎవరి చేతిలో, ఏ కారణాల మీద ఉండాలన్న దగ్గర వ్యవహారం మళ్ళీ చిక్కుపడుతుంది.

పోస్టరు అంటించినందుకు పోయిన వంతు

ఇల్లినాయ్‌లో షికాగో పక్కన నార్త్‌లేక్ అనే చిన్న నగరం ఉంది. అక్కడ ఒక టో కంపెనీ 1965 నుంచి నగరపు వంతుల జాబితాలో ఉంది. మేయరు మళ్ళీ పోటీ చేస్తూ ఎన్నికల చందా ఇమ్మన్నారు. కంపెనీ యజమాని ఇవ్వలేదు, పైగా తన దుకాణంలో ప్రత్యర్థి పోస్టర్లు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి జాబితాలో పేరు పోయింది. కింది కోర్టులు, "మీరు నగర ఉద్యోగులు కాదు, బయటి కాంట్రాక్టరు, రాజకీయ అభిప్రాయాల విషయంలో ఉద్యోగులకి ఉండే రక్షణ మీకు లేదు" అన్నాయి. 1996 జూన్ 28న సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టింది. జస్టిస్ ఆంథనీ కెనడీ రాసిన తీర్పులో, రాజకీయ అభిప్రాయానికి శిక్షగా కాంట్రాక్టరు పని లాక్కోవడం భావప్రకటన స్వేచ్ఛని కాపాడే రాజ్యాంగపు మొదటి సవరణకి విరుద్ధమన్నారు. అదే రోజు కాన్సస్ రాష్ట్రం వబాన్సీ కౌంటీలో చెత్త ఎత్తే కాంట్రాక్టరు విషయంలోనూ సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. ఆయన చేసింది కౌంటీ బోర్డుని విమర్శించడం.

ఈ తీర్పు గొప్పదే. అయితే పేరు ఎందుకు తీశారో నిరూపించే భారం ఎక్కువగా కంపెనీ మీదే పడుతుంది. రాతలో కారణాలేవీ లేని చోట "సర్వీసు బాగా లేదు" అంటే సరిపోతుంది. అందుకే జాబితాలోకి ఎలా చేరాలి, ఎందుకు తీసేస్తారు, తీసే ముందు ఎన్ని రోజుల నోటీసు, అప్పీలు ఎవరికి అన్నవి ముందే అచ్చులో ఉండాలి. షెరిఫ్ పేరు తీస్తే అప్పీలు కూడా షెరిఫ్ దగ్గరే వినడం అప్పీలు అనిపించుకోదు.

దీనికి రెండో వైపు డెట్రాయిట్. అక్కడ శిక్ష కాదు, కొనుగోలు. ఆ ప్రాంతంలో టోయింగ్ వ్యాపారంలో పెద్ద పేరున్న గ్యాస్పర్ ఫియోరే 2017లో లంచం కుట్ర కేసులో నేరం ఒప్పుకున్నాడు, జైలుశిక్ష పడింది. ఆ తర్వాత నగర కౌన్సిల్ సభ్యుడు ఆండ్రే స్పైవీ టోయింగ్ వ్యవహారాల్లో దాదాపు 36,000 డాలర్లు లంచంగా తీసుకున్నట్టు 2021లో ఒప్పుకుని, మరుసటి ఏడాది రెండేళ్ళ శిక్ష వేయించుకున్నాడు. ఒక నగరపు బడ్జెట్‌లో టోయింగ్ ఎంత? కంటికి ఆననంత. సంచి చిన్నది కాబట్టే ఎవరూ తెరిచి చూడరు, అందుకే చెయ్యి పెట్టడం తేలిక.

వాషింగ్టన్ అడ్డు, దాటే దారులు

ఇన్ని తెలిశాక కౌంటీ గట్టి నియమాలు రాసేయవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ కేంద్ర చట్టం అడ్డొస్తుంది. సరుకు మోసే ట్రక్కుల ధరలు, దారులు, సేవల మీద రాష్ట్రాలు, స్థానిక ప్రభుత్వాలు ఆంక్షలు పెట్టకూడదని 1994లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం చేసింది. దేశమంతా రవాణా చౌకగా, ఆటంకం లేకుండా సాగాలని దాని ఉద్దేశం. చట్టం దృష్టిలో టో ట్రక్కు కూడా సరుకు మోసే బండే. ఆ సరుకు మన కారు. దాంతో నగరాలు, కౌంటీలు పెట్టిన నియమాల మీద కంపెనీలు వరసపెట్టి కేసులు వేశాయి.

పాతికేళ్ళ కేసుల తర్వాత మిగిలిన దారులు ఇవీ. ధర సంగతి 1995లో కాంగ్రెస్సే సర్దింది. యజమాని సమ్మతి లేకుండా చేసిన టోయింగ్‌కి రేటు పెట్టవచ్చని మినహాయింపు ఇచ్చింది. భద్రత కోసం పెట్టే నియమాలు కూడా మినహాయింపే. అయితే చట్టంలో "రాష్ట్రం" అని ఉంది, నగరాలకి కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్న ఒహాయోలోని కొలంబస్ నగరం మీద వేసిన కేసులో వచ్చింది. రాష్ట్రం తన భద్రతాధికారాన్ని స్థానిక ప్రభుత్వానికి అప్పగించవచ్చని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఆ తీర్పు రాశారు.

మూడో దారి పని కేటాయింపుకి సూటిగా సంబంధించింది. డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్య ఉన్న బెడ్‌ఫర్డ్ నగరం చాలా కంపెనీలని పిలిచే పద్ధతి మానేసి, పోలీసు టోయింగ్ మొత్తం ఒకే కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చింది. పని పోయిన కంపెనీ కోర్టుకెళ్ళింది. టెక్సస్ మీద అధికారమున్న అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 1999లో నగరం పక్షాన తీర్పు చెప్పింది. నగరం తన అవసరానికి ఒక సేవ కొనుక్కుంటున్నప్పుడు అది పాలకుడిగా కాదు, కొనుగోలుదారుడిగా వ్యవహరిస్తోంది; కొనుగోలుదారుడు తనకి కావలసిన షరతులు పెట్టుకోవచ్చు అంది.

ఈ మాటలో కౌంటీలకి పెద్ద బలం ఉంది. నా పిలుపు మీద వచ్చే ట్రక్కు ఇన్ని నిమిషాల్లో రావాలి, డ్రైవరు నేరచరిత్ర తనిఖీ అయి ఉండాలి, ధరల కార్డు చూపించాలి, కార్డు పేమెంటు తీసుకోవాలి అని ఒప్పందంలో రాయవచ్చు. కానీ ఈ వాదన నాకు పూర్తిగా మింగుడు పడదు. కొనుగోలుదారుడంటే డబ్బు కట్టేవాళ్ళు. ఇక్కడ షరతులు పెట్టేది కౌంటీ, డబ్బు కట్టేది మా బావమరిది.

ఒకే కంపెనీకి ఇచ్చేస్తే?

వంతుల జాబితాకి ఒక బలహీనత ఉంది, ఆలస్యం. వంతు ఎవరిదైతే వాళ్ళు వస్తారు గానీ దగ్గర ఎవరుంటే వాళ్ళు రారు. ఆగిన బండి రోడ్డు మీద ఉన్న ఒక్కో నిమిషానికీ ఇంకో ప్రమాదం జరిగే అవకాశం 2.8 శాతం పెరుగుతుందని అమెరికా కేంద్ర రహదారుల శాఖ చాలాకాలంగా చెబుతున్న లెక్క. అందుకే హ్యూస్టన్ నగరం మేయర్ బిల్ వైట్ హయాంలో 2005 జనవరి 1 నుంచి సేఫ్‌క్లియర్ అనే పథకం మొదలుపెట్టింది. ఫ్రీవేలని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క ఒక్కో కంపెనీకి ఇచ్చారు, ఆరు నిమిషాల్లో రావాలన్నారు. మొదట్లో టైరు పంక్చరై ఆగినవాళ్ళ కార్లు కూడా వాళ్ళ మాట వినకుండా ఎత్తుకెళ్ళి బిల్లు వాళ్ళకే ఇచ్చారు. జనం తిరగబడ్డారు, పద్ధతి మార్చాల్సి వచ్చింది. ఈ పథకం మీద టోయింగ్ కంపెనీల సంఘం వేసిన కేసులో 2016లో అప్పీలు కోర్టు నగరానికే అనుకూలంగా తీర్పునిచ్చింది.

కెనడాలో టొరంటో చుట్టుపక్కల కూడా చివరికి ఈ దారే పట్టారు. అక్కడ ప్రమాద స్థలాల కోసం కంపెనీల మధ్య పోటీ ట్రక్కులు తగలబెట్టుకోవడం, హత్యల దాకా వెళ్ళింది. 2020 మేలో పోలీసులు పెద్ద ఎత్తున అరెస్టులు చేశారు. 2021 డిసెంబరులో ఆంటారియో ప్రభుత్వం కొన్ని పెద్ద రహదారుల మీద, ఈ ముక్కలో ఈ కంపెనీయే అని ప్రయోగం మొదలుపెట్టింది.

ముక్కలైనా, ఒకే కాంట్రాక్టయినా చూడాల్సింది డబ్బు ఎటు పారుతోందన్నది. ఎక్కువ డబ్బు కడతానన్న కంపెనీకి పని ఇస్తే కౌంటీ ఖజానాకి మంచిదని వినడానికి బాగుంటుంది. ఆ డబ్బు కంపెనీ ఎక్కడి నుంచి తెస్తుంది? కారు చెడిపోయి రోడ్డున పడ్డ మనిషి దగ్గర్నుంచే. అది పన్ను. అందరి మీదా కాదు, ఆ రోజు అదృష్టం బాగాలేని వాళ్ళ మీద వేసే పన్ను. ఈ విషయంలో కాలిఫోర్నియా వాహన చట్టంలోని సెక్షన్ 12110 నాకు ఆదర్శం. ట్రక్కుని పిలిపించినందుకు టో కంపెనీ ఎవరికీ కమిషన్ గానీ కానుక గానీ ఇవ్వకూడదు, ప్రభుత్వ సంస్థ కూడా తీసుకోకూడదు. కాంట్రాక్టు ఇచ్చినందుకు రుసుము తీసుకోవచ్చు గానీ అది ఆ పనికైన అసలు ఖర్చు దాటకూడదు. తక్కువ రేటుకి చేస్తానన్నవాళ్ళకి పని ఇవ్వడం వేరు, ఎక్కువ వాటా ఇస్తానన్నవాళ్ళకి ఇవ్వడం వేరు. కౌంటీ టెండరు పిలిచిన రోజు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

నన్నడిగితే పెద్ద ఫ్రీవేలకి ముక్కల పద్ధతి, మిగతా రోడ్లకి వంతుల జాబితా మంచివి. రెండిట్లోనూ ఒకే ధరల కార్డు ఉండాలి, డ్రైవరు కొక్కెం తగిలించే ముందే దాన్ని చేతికివ్వాలి. ధర గడి ఖాళీగా ఉన్న కాగితం మీద తీసుకున్న సంతకం చెల్లదని ఒక్క వాక్యం రాస్తే ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగదు.

కారు యార్డుకి చేరాక ఉన్న హక్కులు చాలామందికి తెలియవు కాబట్టి అవీ చెప్తాను. టెక్సస్‌లో పోలీసులు గానీ పార్కింగ్ యజమాని గానీ తీయించిన కారు విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే 14 రోజుల్లోగా చిన్న కేసులు చూసే జస్టిస్ కోర్టులో విచారణ కోరవచ్చు. శని, ఆదివారాలు, సెలవులు ఆ లెక్కలోకి రావు. కారు తీయడానికి సరైన కారణం ఉందా అన్నదే కాదు, అనుమతించిన దానికన్నా ఎక్కువ తీసుకున్నారా అన్నది కూడా అక్కడ తేలుస్తారు. యార్డు అద్దె రోజు రోజుకీ పెరుగుతుంది కాబట్టి ముందు డబ్బు కట్టి కారు విడిపించుకుని, తర్వాత కొట్లాడటం మేలు. ఫ్రీవే మీద చిన్న ప్రమాదమై కారు కదిలే స్థితిలో ఉంటే పక్కకి తీయడం టెక్సస్‌లో మన బాధ్యత కూడా. ప్రాణానికీ అదే మంచిది.

ఇవన్నీ చదివాక కౌంటీకి సమాచారం కోసం అర్జీ పెట్టాను. టెక్సస్ ప్రజా సమాచార చట్టం కింద ఎవరైనా అడగవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఇవ్వడం ఇష్టం లేకపోతే పది పనిదినాల్లో అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాల్సింది వాళ్ళే. గత ఏడాది టోయింగ్ కాల్స్ పట్టికలో కొన్ని వరసలు అడిగాను: కాల్ వెళ్ళిన సమయం, కంపెనీ పేరు, ఆ కంపెనీ అసలు యజమాని, ట్రక్కు చేరిన సమయం, పంపడానికి కారణం. ఫైలు వచ్చాక ముందుగా లెక్కపెట్టేది చివరి వరసనే. "వంతు ప్రకారం" అని ఎన్నిసార్లు ఉంది, "యజమాని కోరిక మీద" అని ఎన్నిసార్లు ఉంది, ఆ రెండో దాని ఎదురుగా ఏయే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. మా బావమరిది ఆ పట్టిక తనే చూస్తానన్నాడు. ఆ శుక్రవారం రాత్రి తన కారు పక్కన ఏ కారణం రాశారో చూడాలట.